మేడ మీద పాత యాంటెనా డిజిటల్‌కి పనికొస్తుందా? వైజాగ్‌లో నా అనుభవం

కొత్త టీవీ కొన్నాం, మేడ మీద పాత యాంటెనా ఉంది, డిజిటల్ రావాలంటే అది మార్చాలా అని చాలామంది అడుగుతున్నారు. మా ఇంట్లో కూడా ఇదే పని పడింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పెదవాల్తేరు. అమ్మకి కేబుల్లో వచ్చే అన్ని చానళ్లూ అక్కర్లేదు, సప్తగిరి, వార్తలు, ఎప్పుడైనా కచేరీ వస్తే అది, అంతే. "నెలనెలా కేబుల్‌కి కట్టడం ఎందుకురా, మేడ మీద యాంటెనా ఉంది కదా, అది తగిలించు" అంది. నాన్న పెట్టించిన యాంటెనా అది, 2014లో హుద్‌హుద్‌కి వంగిపోతే మళ్లీ నిలబెట్టి కట్టించారు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ముందు ఒక షాపులో అడిగితే "అది అనలాగ్ యాంటెనా సార్, డిజిటల్‌కి పనిచెయ్యదు, ఈ హెచ్‌డీ డిజిటల్ యాంటెనా పెట్టండి, చానళ్లన్నీ ఫ్రీగా వచ్చేస్తాయి" అన్నారు. ఏ చానళ్లు, ఎక్కడ్నుంచి వస్తాయి అంటే సరైన జవాబు లేదు, అందుకే కొనకుండా వచ్చేసాను. తెలిసినవాళ్లు చెబితే ఎంవీపీ కాలనీలో పాత టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన్ని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన మేడెక్కి చూసి అన్నమాట ఇదీ: "యాంటెనాకి అనలాగూ డిజిటలూ అని ఉండదు బాబూ, దానికి ఫ్రీక్వెన్సీయే లెక్క. ముందు గాల్లో ఏటుందో చూసుకో, యాంటెనా సంగతి తర్వాత."

ఇది అందరికీ తెలియాల్సిన విషయం, ఎందుకంటే డిజిటల్ యాంటెనా పేరుతో డబ్బులు పోయేది ఇక్కడే. యాంటెనా కడ్డీల పొడవు అది పట్టాల్సిన తరంగాన్ని బట్టి ఉంటుంది, పాత దూరదర్శన్ వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) చానళ్లకి 190 మెగాహెర్ట్‌జ్ దగ్గరైతే మెయిన్ కడ్డీ ముప్పావు మీటరు పైనే ఉండాలి, అదే యూహెచ్‌ఎఫ్‌లో, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, 500 దగ్గరకొస్తే 30 సెంటీమీటర్లు చాలు. మన దేశంలో దూరదర్శన్ నేల మీద టవర్ల నుంచి ఇచ్చే డిజిటల్, అంటే డీవీబీ-టీ2, యూహెచ్‌ఎఫ్‌లోనే వస్తుంది. అంటే మేడ మీద చిన్న కడ్డీల యూహెచ్‌ఎఫ్ యాంటెనా ఉంటే అది ఎంత పాతదైనా డిజిటల్‌ని పడుతుంది, పొడుగు కడ్డీలది ఒక్కటే ఉంటే సరిగ్గా పట్టదు. ఇంకో తేడా, అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి కానీ చూడగలిగేవాళ్లం, డిజిటల్‌లో కాసేపు గళ్లుగళ్లుగా విడిపోయి ఆ తర్వాత మొత్తానికే పోతుంది.

ఇక గాల్లో ఏముంది అన్నది. 2016లో దూరదర్శన్ ఈ డీవీబీ-టీ2 మొదలుపెట్టామని 16 నగరాల పేర్లు చెప్పింది, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, కటక్ లాంటివి, అందులో వైజాగ్ లేదు, హైదరాబాదూ లేదు. ఈలోపు పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దశలవారీగా ఆపుకుంటూ వచ్చి 2022 కల్లా దాదాపు అన్నీ ఆపేశారు. వైజాగ్‌లో 2013లో డిజిటల్ అయింది కేబుల్, సెట్‌టాప్ బాక్సులు వచ్చింది అప్పుడే, దానికీ మేడ మీది యాంటెనాకీ సంబంధం లేదు. అయినా చూద్దామని పెద్దాయన పాత వైరు కొస కోసి, కొత్త కనెక్టర్ వేసి, టీవీలో ఆటో స్కాన్ పెట్టారు, ఒక్క చానల్ కూడా రాలేదు. ఆ షాపులో చూపించిన యాంటెనా పెట్టినా ఇదే జరిగేది.

అందుకని డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ ఉపగ్రహం నుంచి ఫ్రీగా ఇచ్చేది, పెట్టించాం. నెలకి కట్టేదేమీ లేదు, గొడుగు, ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందుండి సిగ్నల్ అందుకునే ముక్క), బాక్సు కొంటే చాలు. బాక్సు మాత్రం ఎంపెగ్-4ది (కొత్త రకం వీడియో పద్ధతి) అని గట్టిగా అడగండి, పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానళ్లు రావు. ఇది జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది, మన వైజాగ్ నుంచి చూస్తే దక్షిణానికి ఒక 30 డిగ్రీలు తూర్పుగా, ఎత్తు 66 డిగ్రీలు దాకా. బాగా ఎత్తులో ఉంది కాబట్టి పక్కన అపార్ట్‌మెంట్ లేచినా చాలాసార్లు అడ్డం రాదు, మాకదే కలిసొచ్చింది. గొడుగు చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఆఫ్‌సెట్ డిష్ కదా (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కిందవైపు ఉంటుంది), తప్పు పెట్టారని కంగారుపడొద్దు. ఫోన్లో దిక్సూచి చూసేటప్పుడు ఇనప పైపుకి దూరంగా నిలబడండి, లేకపోతే ముల్లు పక్కకి లాగేస్తుంది.

పెద్దాయన ఎక్కువ టైం పెట్టింది గొడుగు తిప్పడానికి కాదు, జాయింట్లకి. సముద్రం గాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు, కనెక్టర్‌లోకి ఉప్పు తేమ దిగితే ఆకుపచ్చగా చిలుం పట్టి సిగ్నల్ తినేస్తుంది. అందుకే మేడ మీద జాయింట్ లేకుండా ఒకటే ఆర్‌జీ-6 వైరు కిందదాకా లాగి, ఎల్‌ఎన్‌బీ దగ్గర రబ్బరు టేపు చుట్టి, వైరు కిందకి వేలాడేలా ఒక వంపు ఇచ్చారు, నీళ్లు కనెక్టర్‌లోకి పోకుండా అక్కడే కారిపోతాయి. బోల్టులకి గ్రీజు రాశారు. ఈ పనికి ఆయన అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చాను, అంత శ్రద్ధగా చేశారు.

సప్తగిరి వస్తోంది, అమ్మకి కావలసిన వార్తలూ వస్తున్నాయి. కానీ ఫ్రీ డిష్‌లో హిందీ చానళ్లే ఎక్కువ, తెలుగు తక్కువ, రోజూ సీరియళ్లు చూసే ఇల్లయితే ముందు చానళ్ల లిస్టు చూసుకున్నాకే కేబుల్ తియ్యండి. జోరువాన పడితే కాసేపు సిగ్నల్ పోతుంది, వాన తగ్గగానే దానంతటదే వచ్చేస్తుంది, ఎవరూ మేడెక్కి గొడుగు కదపొద్దు. పాత యాంటెనా మాత్రం దింపించేసాం, పైపు అడుగున తుప్పు తినేసింది, మళ్లీ తుఫాను వస్తే పక్కింటివాళ్ల మీద పడేలా ఉంది. చెన్నై, కటక్ లాంటి చోట్ల మీవాళ్లుంటే మాత్రం దింపొద్దని చెప్పండి, ఆ ఊళ్లలో ముందు టీవీలో డీవీబీ-టీ2 ట్యూనర్ ఉందో లేదో చూసుకుని, ఉన్న యాంటెనాతోనే ఒకసారి స్కాన్ చేసి చూడమనండి.