మా నాన్నకి గొంతులో రెండోసారి వచ్చింది పాత క్యాన్సర్ కాదు – నా అనుభవం

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాన్నకి 2013లో స్వరపేటిక క్యాన్సర్ వస్తే రేడియేషన్‌తోనే తగ్గింది, ఆ దెబ్బతో చుట్ట కూడా మానేశారు. చాలా ఏళ్లు బాగున్నారు. కిందటేడు గొంతు మళ్లీ బొంగురుపోయింది, తర్వాత నాలుగడుగులు వేస్తే ఊపిరి ఈలలా వినిపించేది. "మళ్లీ అదేనేటమ్మా?" అని అడిగేవారు.

మొదటి బయాప్సీలో ఏమీ తేలలేదు, రేడియేషన్ వాపు కావచ్చన్నారు. ఆయాసం పెరుగుతుంటే వాపని ఎలా ఊరుకుంటాం? విశాఖ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుగారు ఇంకాస్త లోతు నుంచి ముక్క తీయించి, ఐహెచ్‌సీ పరీక్షకి (రంగులు వేసి అవి ఏ రకం కణాలో తేల్చేది) పంపి, పాత బ్లాకు (అప్పటి బయాప్సీ ముక్కని మైనంలో దాచి ఉంచేది), రేడియేషన్ కాగితాలు తెమ్మన్నారు.

ఎందుకో విడమరిచి చెప్పారు. స్వరపేటిక క్యాన్సర్లలో నూటికి 90కి పైగా స్క్వేమస్ రకమే, అంటే లోపలి పైపొర కణాల్లో పుట్టేది. సార్కోమా వేరే జాతి, కండ, ఎముక, మృదులాస్థి లాంటి వాటిలో పుట్టేది, స్వరపేటికలో చాలా అరుదు, రేడియేషన్ పడిన చోటే కొన్నేళ్ల తర్వాత పుట్టొచ్చు. కానీ పాత రకమే రూపం మారి సార్కోమాలా కనిపించే అవకాశం కూడా ఉందట, అందుకే అప్పటి ముక్కనీ ఇప్పటి ముక్కనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ బ్లాకు కోసం పాత ఆసుపత్రి చుట్టూ తిరగడమే పెద్ద టెన్షన్. "అన్నేళ్లనాటివి ఉండవమ్మా" అనేశారు. లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, పాత బయాప్సీ నంబరు చూపించి, కదలకుండా కూర్చుంటే చివరికి తీసిచ్చారు. రెండు వేళ్ల మధ్య పట్టే ప్లాస్టిక్ డబ్బీ, అందులో మైనం, మైనంలో ఆవగింజంత నాన్న గొంతు ముక్క. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. రేడియేషన్ మోతాదు 66 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) అన్న కాగితం మాత్రం అమ్మ బీరువాలోనే దొరికింది. అదే చోట మళ్లీ రేడియేషన్ ఇవ్వడం ఎంత కష్టమో ఆ అంకె చూసే చెప్పారు.

సార్కోమాయే అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు నాన్న ఊపిరి మెడ దగ్గరి రంధ్రం నుంచే. నీళ్లు అందులో పడితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి స్నానం మెడ కిందివరకే, రంధ్రం మీద గుడ్డ. మాట కోసం శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య చిన్న వాల్వు పెట్టాక బొటనవేలితో రంధ్రం మూసి మాట్లాడుతున్నారు, గరగరమన్నా మాకు అర్థమవుతుంది.

సార్కోమా ఎక్కువగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకి పాకుతుందట, అందుకని చెకప్‌లో ఛాతీ సీటీ కూడా తీస్తున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా గొంతుకి రేడియేషన్ అయి ఉంటే ఆ మోతాదు కాగితం, బయాప్సీ నంబరు ఈరోజే వెతికి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.