మిర్చి, బజ్జీ మా ఇంటికి రావడానికి పట్టిన ఐదు నెలలు

మొన్న ఆదివారం మా ఇంటికి రెండు పిట్టలొచ్చాయి. రెండూ కలిపి తూస్తే డెబ్బై గ్రాములు లేవు. వీటికోసం ఐదు నెలలు తిరిగాను, మూడొందలు అడ్వాన్సు వదులుకున్నాను, ఒక రిటైర్డ్ టీచరమ్మ ముందు, కన్నకూతురు పక్కనే ఉండగా, పరువు పోగొట్టుకున్నాను. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా. ఇంకో నెల ఆగితే "భలే అనుభవం" అని నేనే అబద్ధం రాస్తానేమో.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి చిలక కావాలని మొదలుపెట్టింది. నాలుగో తరగతి. చిలకంటే మనకు తెలిసింది ఒకటేగా, పచ్చటి ఒళ్లు, ఎర్రటి ముక్కు. చార్మినార్ దగ్గర ముర్గీచౌక్ వైపు వెళ్తే ఒకతను గుడ్డ కప్పిన బుట్ట లోంచి రామచిలక పిల్లను తీసి చూపించాడు. రెక్కలు కత్తిరించి ఉన్నాయి. ఎనిమిదొందలు అన్నాడు. "మాట్లాడ్తది సార్, నెల రోజుల్ల నీ పేరు పిలుస్తది" అన్నాడు. చుట్టుపక్కల కోళ్లు, పావురాలు అన్నీ బాహాటంగానే ఉన్నాయి, మరి ఈ ఒక్క బుట్టకే గుడ్డ ఎందుకు కప్పాడో అడగాలని నాకు తోచనే లేదు. మూడొందలు చేతిలో పెట్టి, వచ్చే వారం పంజరంతో వస్తానని చెప్పా.

ఆఫీసులో గొప్పగా చెబితే పక్క సీటాయన నవ్వాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమేనట, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. గుడి ముందు జోస్యం చెప్పేవాళ్ల దగ్గర చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి అది తప్పని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించలేదు. మూడొందలు వదిలేశా, మళ్లీ ఆ గల్లీ వైపు పోలేదు.

ఇంట్లో చెబితే మా అమ్మ ఇంకో చట్టం తీసింది. మాది నేలకొండపల్లి పక్కనే, రామదాసు పుట్టిన ఊరు. "ఒరేయ్, గోపన్న అంతటివాడు పోయిన జన్మలో చిలకను పంజరంలో పెట్టాడనే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు పడున్నాడు, నువ్వెంతరా?" అంది. ఈ మాట ఐదు నెలల్లో కనీసం యాభై సార్లు విని ఉంటా.

ఆ తర్వాత ఫోన్లో చూసి సన్ కొన్యూర్ అనే విదేశీ చిలక మీద మనసు పడ్డా. పసుపూ నారింజా రంగులు, చేతి మీద వెల్లకిలా పడుకోవడం, అబ్బో. ఒక షాపువాడు పద్దెనిమిది వేలు చెప్పి "కాగితాలేం అక్కర్లేదు సార్, అందరూ అట్లనే తీస్కపోతున్నరు" అన్నాడు. ఈసారి మాత్రం ముందే చదువుకున్నా. విదేశీ చిలకల్లో దాదాపు అన్నీ సైటీస్, అంటే ముప్పున్న ప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, దాని జాబితాల్లో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి పక్షి మన చేతికొచ్చిన ముప్పై రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా చెప్పాలి. కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్ అన్నీ ఇందులోకే వస్తాయి. బడ్జీ, కాకటీల్, పీచ్ ఫేస్ లవ్ బర్డ్ అనే చిన్న చిలకలు మాత్రం ఆ జాబితాల్లో లేవు. షాపువాడు "కాగితాలు అక్కర్లేదు" అన్నాడంటే అర్థం, వాడికి అక్కర్లేదని. రేపు అధికారి వస్తే తలుపు తీసేది మనమే.

నిజం చెప్పాలంటే నన్ను ఆపింది చట్టం కూడా కాదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక కొన్యూర్ ఉందంటే చూడ్డానికి వెళ్లా. పది నిమిషాలు కూర్చున్నానో లేదో, అది అరిచిన అరుపుకి చేతిలో టీ ఒలికింది. మా అపార్ట్‌మెంట్‌లో డ్రిల్లింగ్ మిషన్ పెడితేనే వాట్సాప్ గ్రూపులో యుద్ధం అవుతుంది. వద్దులే అనుకున్నా. ఆఫ్రికన్ గ్రే అయితే నలభై, యాభై ఏళ్లు బతుకుతుంది, నాకిప్పుడు నలభై ఒకటి. ఎవరికి రాసిచ్చి పోను?

ఇక్కడ పేర్ల గొడవ ఒకటి చెప్పాలి. మన దగ్గర షాపుల్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలే, ఆస్ట్రేలియావి. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది, తోక పొట్టిగా, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, కొరికితే రక్తం వస్తుంది. కాకటీల్‌ని "కాక్‌టెయిల్" అంటారు. ఆదివారం వెళ్లి కాక్‌టెయిల్ తెస్తానని మా ఆవిడతో అంటే "ఏమండీ, ఇంట్లో అదొక్కటే తక్కువైంది" అంది.

నేను కాకటీల్ దగ్గర ఆగాను. నమోదు గొడవ లేదు, నెత్తిన కుచ్చు, బుగ్గన నారింజ చుక్క, ఈల వేస్తుంది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. బడ్జీల వైపు చూడను కూడా చూడలేదు. పిచ్చుకంత ఉన్నదాన్ని చిలకంటారా అని.

పక్క సీటాయనే మల్కాజిగిరిలో ఒక టీచరమ్మ అడ్రస్ ఇచ్చాడు. రిటైరయ్యాక మేడ మీద జాలీ కట్టించి పక్షులు పెంచుతున్నారు, పిల్లలైతే ఇస్తారట. అమ్మాయిని బైక్ ఎక్కించుకుని, జేబులో డబ్బులు పెట్టుకుని, కొత్త పంజరం కూడా కొనుక్కుని మరీ వెళ్లా. గుండ్రటి పంజరం, పైన డోమ్, పన్నెండొందలు.

ఆవిడ ముందు పంజరం చూశారు. "ఇది ఎందుకు కొన్నారు బాబూ?" అన్నారు. అందంగా ఉందని చెప్పా. "పక్షి హెలికాప్టర్‌లా నిలువుగా ఎగరదు, అడ్డంగా ఎగురుతుంది. వెడల్పు కావాలి. గుండ్రటి దాంట్లో మూల దొరక్క బెదిరిపోతుంది." సరే అన్నా. ఇంతేగా అనుకున్నా.

ఆవిడ కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ తీశారు. నన్ను కూర్చోమనలేదు. మా అమ్మాయికి మాత్రం స్టూలు వేశారు.

ఇంట్లో నాన్‌స్టిక్ ఉందా? ఉంది, దోసెల పెనం. అది మరీ వేడెక్కితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియదు, పిట్ట మాత్రం నిమిషాల్లో పోతుందట. హాల్లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుందా? హైదరాబాద్‌లో తిరగకుండా ఎలా? వదిలిన పక్షి ఎగిరి ఎక్కడ వాలుతుంది? తెలీదు. టీవీ ఎన్నింటికి ఆపుతారు? పదకొండున్నర. దానికి పది, పన్నెండు గంటల చీకటి కావాలి, ఎక్కడ పడుకోబెడతారు? హాల్లోనే. ఏం పెడతారు? ఇది తెలుసు నాకు. "జామకాయ, పచ్చిమిరపకాయ" అని గట్టిగా చెప్పా. "అవి ఎప్పుడైనా. రోజూ?" అన్నారు. గింజలన్నా. గింజలొక్కటే పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది, ఎ విటమిన్ అందదు, తోటకూర, మునగాకు, క్యారెట్ తురుము అలవాటు చేయాలి, అవకాడో మాత్రం విషం అని రాసి చూపించారు. జబ్బు చేస్తే ఏ డాక్టరు? మా వీధి చివర క్లినిక్ ఉందన్నా. వాళ్లు పక్షుల్ని చూస్తారా? ఫోన్ చేయండి, ఇప్పుడే. చేశా. "కుక్కలు, పిల్లులే సార్" అని పెట్టేశారు. స్పీకర్‌లో.

నాకు నలభై ఒకేళ్లు, కింద పన్నెండు మంది పనిచేసే టీమ్ ఉంది, డబ్బులిచ్చి కొనుక్కోవడానికి వచ్చా. చెమటలు పడుతున్నాయి. మెట్ల మీద ఇంకో ఇద్దరు ఎవరో వచ్చి నిలబడి వింటున్నారు.

అప్పుడడిగారు, ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఉబ్బసం ఉందా అని. కాకటీల్ ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది, ఈకలకు అదే వాటర్‌ప్రూఫ్, ఫ్యాన్ రెక్కల మీద, టీవీ మీద, మన ఊపిరితిత్తుల్లో అంతా అదే. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అబ్బే, ఎవరికీ లేదండీ" అన్నా.

"నాన్నా, నానమ్మకి ఇన్‌హేలర్ ఉంది కదా?"

ఆ మేడ మీద ఉన్న పక్షులన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నట్టు అనిపించింది. టీచరమ్మ నా వైపు చూడలేదు. అమ్మాయి వైపు తిరిగి "ఏ క్లాసమ్మా?" అన్నారు. తర్వాత నోట్‌బుక్ మూసి "మీకు కాకటీల్ ఇవ్వను బాబూ" అన్నారు. డబ్బుల గురించేమో అనుకుని ఇంకో ఐదొందలు ఎక్కువిస్తానని కూడా అన్నా. ఎందుకన్నానో నాకే తెలియదు. మెట్ల మీద నిలబడ్డ వాళ్లలో ఒకాయన దగ్గాడు.

ఖాళీ పంజరం మధ్యలో పెట్టుకుని బైక్ మీద ఇంటికొచ్చాం. దారంతా అమ్మాయి మాట్లాడలేదు. ఉప్పల్ సిగ్నల్ దగ్గర మాత్రం "అబద్ధం ఎందుకు చెప్పావ్?" అంది. గ్రీన్ పడింది, బతికిపోయా.

ఇప్పటికీ నాకు ఆవిడ మీద కోపమే. కూర్చోబెట్టి చెప్పొచ్చుగా. ముప్పై ఏళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించిన అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ ఐదు నెలల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆరు షాపులు తిరిగాను, ఆరు చోట్లా "ఏ రంగు కావాలి?" అనే అడిగారు. పైగా ఒకచోట ఇంకా తనంతట తాను తినడం రాని పిల్లను చూపించి "నువ్వే సిరంజితో తాగిపిస్తే మచ్చిక అయితది" అన్నారు. ఆ తిండి కొంచెం వేడెక్కువైతే మెడ కింది సంచి కాలిపోతుంది, గొంతులో తప్పుదారి పడితే చచ్చిపోతుంది. మన బోటి వాళ్లకు అలాంటి పిల్లను అమ్మేవాణ్ని ఏమనాలి? మచ్చిక అని పేరు పెట్టి వాడి పని, ఖర్చు మన నెత్తిన రుద్దడం కాకపోతే.

మూడు వారాలు అహం అడ్డొచ్చి వెళ్లలేదు. ఈలోగా అమ్మను తీసుకెళ్లి ఊపిరితిత్తుల డాక్టరును అడిగా. ఈక ఉన్న ఏ ప్రాణైనా ఉబ్బసానికి మంచిది కాదు, తప్పదంటే పొడి తక్కువ రాలేవి తెచ్చుకోండి, ఆమె పడుకునే గదికి దూరంగా పెట్టండి, దగ్గు పెరిగితే ఆ రోజే పంపించేయండి అన్నారు. నాన్‌స్టిక్ పెనం పనమ్మాయికి ఇవ్వబోతే "మా ఇంట్ల కోళ్లున్నయ్ సార్" అని ఆమె తీసుకోలేదు. కథంతా ఆమెకు ఎవరు చెప్పారో. ఇనప పెనం కొన్నాం. మొదటి నాలుగు దోసెలు పెనానికే అంకితం.

రెండోసారి వెళ్లినప్పుడు నేనే ముందు చెప్పేశా, అమ్మకు ఉబ్బసం ఉంది, అబద్ధం చెప్పాను అని. ఆవిడ కుర్చీ వేయించారు. బడ్జీలు తీసుకోండి అన్నారు. పిచ్చుకంత ఉన్నవే. చిలక జాతే, పొడి కాకటీల్ కంటే తక్కువ, గొంతు చిన్నది. ఒంటరిగా పెట్టొద్దు, మందలో బతికే పిట్ట, పగలు మీరెవరూ ఉండరు కాబట్టి రెండు పట్టుకెళ్లండి, మీతో మాటలు కాస్త తగ్గుతాయి, పర్లేదు. నాకు మొదట చిన్నతనంగా అనిపించింది. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఎక్కువ మాటలు నేర్చిన పక్షిగా 1995 గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది ఒక బడ్జీనే, అమెరికాలో పక్ అనే మగది, 1,728 మాటలు. మా టీమ్‌లో కొందరికి అన్ని రావు.

పిట్టల్ని ఎంచింది నేనే, ఇది మాత్రం చెప్పుకోవాలి. నుదుటి మీద గీతలు ముక్కు దాకా ఉన్నాయంటే పసివి, మూడు నాలుగు నెలలకు ఈకలు మారి గీతలు పోతాయి. ముక్కు పైనుండే మెత్తటి భాగం పెద్దయ్యాక మగదానికి నీలం, ఆడదానికి గోధుమరంగు, పిల్లల్లో మగవాటికి గులాబీ వంగపండు రంగు కలిసినట్టు ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని కింద కూర్చున్నది వద్దు, ఊపిరి తీస్తుంటే తోక పైకీ కిందకీ ఊగేది అసలే వద్దు. పక్షులు జబ్బును చివరిదాకా దాస్తాయి. నేను చూపించిన రెండిటికీ టీచరమ్మ తల ఊపారు. పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత సంతోషం లేదు నాకు. అవి సొంతంగా తినడం స్థిరపడిందాకా ఇంకో పన్నెండు రోజులు ఆగమన్నారు, ఆగా.

పంజరం వెడల్పు ముప్పై అంగుళాలు, ఊచల మధ్య అరంగుళం మించకూడదు, లేకపోతే తల ఇరుక్కుంటుంది. లోపల వచ్చిన నున్నటి కర్రలు తీసి జామ కొమ్మలు కట్టా. పక్షుల్ని చూసే డాక్టరు ఇరవై కిలోమీటర్ల అవతల దొరికాడు, రెండో రోజే చూపించా, బాగున్నాయన్నాడు, రోజూ పొద్దున వంటింటి తరాజులో తూచమన్నాడు. ముప్పై నాలుగు, ముప్పై రెండు. మూడు గ్రాములు తగ్గినా ఫోన్ చేయాలట. మొదటి రోజు ఏమీ తినలేదు, టెన్షన్‌తో నిద్ర లేదు. రెండో రోజు కొర్రల కంకి పెడితే నా చేతిలోంచే లాక్కుంది ఆకుపచ్చది. దాని పేరు మిర్చి. పసుపుది బజ్జీ. మిర్చి అమ్మాయి పెట్టిన పేరు, బజ్జీ మాత్రం బడ్జీ అనలేక మా అమ్మ అన్న మాటే ఖాయమైంది.

గుండ్రటి పంజరం ఎవరికైనా కావాలంటే తీసుకోండి. పిట్టకు కాదు, ఉల్లిపాయలు పెట్టుకోవచ్చు.

పిట్టలు చివరి గదిలో ఉంటాయి, అమ్మ లోపలికి వెళ్లకూడదని ఊపిరితిత్తుల డాక్టరు మాట. ఇప్పటిదాకా దగ్గు పెరగలేదు. పొద్దున కుక్కర్ కూతకి అవి రెండూ తిరిగి కూస్తాయి, అంతకుమించి ఏ మాటా రాలేదు. ఇవాళ ఆఫీసుకు బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం అవతలే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "రామా అనవే బజ్జీ, రామా అను" అంటోంది. నన్ను చూసి "ఫ్యాన్ ఆపావా లేదా?" అంది.