థైరాయిడ్ మాత్రకు ముందు కార్టిసాల్ చూడాలి

నాకున్నవి రెండు జబ్బులు. ఒకటి థైరాయిడ్ సరిగా పనిచేయకపోవడం. హన్మకొండలో ఏ గల్లీకి పోయినా ఈ మాత్ర వేసుకునేవాళ్లు కనబడతారు. రెండోది కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతినడం, అంటే అడిసన్స్ జబ్బు. అరుదు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఏది ముందు పట్టుకున్నారన్నదే ప్రాణానికి ముఖ్యం.

నీరసం, ఆకలి లేకపోవడం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) కాస్త ఎక్కువ. ఇవి చూసి థైరాక్సిన్, అంటే థైరాయిడ్ మాత్ర, మొదలైంది. కొద్దిరోజులకే లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు. అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ హార్మోన్‌ను థైరాక్సిన్ ఒంట్లో తొందరగా ఖర్చు చేయిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న అడ్రినల్ ఆ లోటు పూడుస్తుంది, దెబ్బతిన్నది పూడ్చలేదు. పైగా కార్టిసాల్ లేకపోతే టీఎస్‌హెచ్ దానంతటదే కొంత పెరుగుతుంది.

అనుమానించడానికి గుర్తులు చాలానే ఉంటాయి. థైరాయిడ్ తగ్గితే సాధారణంగా బరువు పెరగాలి, ఇక్కడ తగ్గుతుంది. ఉప్పు మీదికి మనసు పోతుంది. అరచేతి గీతలు, వేళ్ల కణుపులు, చిగుళ్లు నల్లబడతాయి. "ఎండకు నల్లబడ్డవ్" అంటారు మనోళ్లు, కానీ చిగుళ్లకు ఎండ ఎక్కడ తగులుతుంది? కార్టిసాల్ తగ్గేసరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోన్‌ను విపరీతంగా వదులుతుంది, చర్మంలో రంగును పెంచేది అదే. రక్తంలో సోడియం తగ్గి, పొటాషియం పెరుగుతుంది.

పరీక్ష పొద్దున 8 గంటల ప్రాంతంలో చేయించాలి. కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే జబ్బు దాదాపు ఖాయం. 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ లాగే అడ్రినల్‌ను పనిచేయించే సినాక్తెన్ ఇంజెక్షన్ 250 మైక్రోగ్రాములు ఇచ్చి, అర గంటకో గంటకో మళ్లీ చూస్తారు. నాది రోగనిరోధక శక్తి సొంత గ్రంథుల మీదే తిరగబడ్డ రకం. మన దేశంలో టీబీ అడ్రినల్‌కు పాకడం కూడా పెద్ద కారణమే. ఆ టీబీకి వాడే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను వేగంగా కరిగిస్తుంది కాబట్టి మాత్రల మోతాదు పెంచాల్సి వస్తుంది.

ఈ తిరుగుబాటు ఒక్కోసారి ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్నీ వదలదు. టైప్ 1 షుగర్ ఉండి, తిండి మారకుండానే ఇన్సులిన్ అవసరం పడిపోయి, మాటిమాటికీ షుగర్ డౌన్ అవుతుంటే అడ్రినల్ సంగతి డాక్టర్‌ను తప్పక అడగండి.

నాకు కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ రోజుకు 20 మిల్లీగ్రాములు: లేవగానే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 4కు 5. ఇంకా ఆలస్యమైతే నిద్ర పట్టదు. పొద్దున, ఒంట్లో ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాములు. ఇది అన్ని మెడికల్ షాపుల్లో ఉండదు, ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఇవి ఒంటికి పట్టాకే థైరాక్సిన్ మళ్లీ మొదలైంది, పరగడుపున, చాయ్‌కి కనీసం అర గంట ముందు. చుట్టాలు "స్టెరాయిడ్లు మానెయ్" అంటారు. ఇది ఒళ్లు రోజూ తయారుచేసుకోవాల్సినదానికి బదులు వేసుకునేది. ఆపితే ప్రాణం పోతుంది.

మన ఎండాకాలం వేరే లెక్క. చెమటతో ఉప్పు పోతుంది, అందుకని మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకుంటాను. ఫ్లూడ్రోకార్టిసోన్ పెంచాలా అన్నది డాక్టర్ చెబుతారు. కళ్లు తిరుగుతున్నాయనగానే కొబ్బరినీళ్లు పట్టిస్తారు. ఈ జబ్బులో అది సరైన మందు కాదు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ.

జ్వరమొస్తే తగ్గేదాకా హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 39 డిగ్రీల సెల్సియస్ దాటితే మూడింతలు. పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ ఉన్నా ముందే చెప్పాలి. మాత్ర వాంతిలో పోతే ఇంకోటి వేసుకోవాలి, అదీ నిలవకపోతే మాత్రలతో కాదు. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తొడ కండకు ఇవ్వాలి. మేడారం జాతరకు పోయినా పొలానికి పోయినా వయల్, సిరంజి, కలిపే నీళ్లు, "అడ్రినల్ జబ్బు, స్టెరాయిడ్ అవసరం" అని రాసిన కార్డు సంచిలో ఉండాలి. ఇంట్లో ఇద్దరికైనా ఇంజెక్షన్ ఇవ్వడం రావాలి. ఇచ్చాక తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి పోవాల్సిందే. సెలైన్, తర్వాతి డోసులు అక్కడే ఎక్కించాలి.