నాన్‌జింగ్‌లో నురగ కథ, కషాయం ప్యాకెట్లు (నా అనుభవం)

నాన్‌జింగ్‌లో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పటి సంగతి. పొద్దున్నే యూరిన్‌కి వెళ్తే ఫ్లష్ కొట్టినా నురగ పోయేది కాదు, టాయిలెట్ క్లీనర్ ఏమోలే అని రెండు వారాలు పట్టించుకోలే. టెస్ట్ చేయిస్తే 24 గంటల యూరిన్‌లో ప్రోటీన్ 1.4 గ్రాములు, మామూలుగా 0.15 దాటకూడదు. బయాప్సీలో ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీ జల్లెడలో పేరుకుపోయే జబ్బు) అని తేలింది, లోసార్టాన్ 50 (బీపీ మాత్రే, యూరిన్‌లో ప్రోటీన్ కూడా తగ్గిస్తుంది) రాసి ఉప్పు తగ్గించమన్నారు.

అదే వారం మా మాండరిన్ టీచరమ్మ నన్ను చైనా వైద్యం చేసే పెద్దాయన దగ్గరికి తీస్కెళ్లింది. ఆయన ముందు నాలుక చాపమని, అంచుల్లో పళ్ల గాట్లున్నాయి, ప్లీహం నీరసపడింది అన్నాడు. ప్లీహం అంటే మన అనాటమీలోది కాదు, అరుగుదల మొత్తానికి వాళ్లు పెట్టుకున్న పేరు. తర్వాత మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి చాలాసేపు మాట్లాడలే, ఉంగరం వేలు కింద కొట్టుకునేది కిడ్నీ నాడంట, నాది లోతుగా బలహీనంగా ఉందంట. పాత గ్రంథాల్లో ప్రోటీన్ అనే మాట లేదు కాబట్టి ఇప్పటివాళ్లు దాన్ని జింగ్ అంటే శరీర సారం కింద లెక్కేస్తారు: తిన్నదాని సారాన్ని ప్లీహం పైకి లేపాలి, కిడ్నీ తాళం వేసి దాచాలి, అది లేపలేక ఇది దాచలేక కిందికి కారిపోతే అదే నురగ. పోడోసైట్ల (కిడ్నీ జల్లెడ కణాలు) గురించి బట్టీ కొడుతున్న నాకు నవ్వొచ్చింది గానీ, లీకవుతోందనే కదా ఇద్దరూ అనేది.

చీటీలో హువాంగ్‌చీ అనే వేరు 30 గ్రాములు, షాన్‌యావ్ అనే ఎండు దుంప, ఫూలింగ్ అనే పుట్టగొడుగు, ఇంకా లీకేజీ ఆపే పాత జోడీ: జిన్‌యింగ్‌జి అనే అడవి గులాబీ కాయ, చియెన్‌షీ. ఈ చియెన్‌షీ ఏంటా అని వెతికితే మన మఖానా గింజే! అమ్మకి ఫోన్లో చెప్తే "దానికోసం చైనా దాకా పోవాలా నాన్నా" అంది.

హాస్టల్లో స్టవ్ లేదని ఫార్మసీ వాళ్లే కాచి ప్యాకెట్లలో సీల్ చేసిచ్చారు, వేడినీళ్లలో పెట్టి రోజుకి రెండు తాగాలి. కాస్త తీపి, ఆ వెంటనే వగరు, చివర్లో మట్టివాసన, కాకరకాయ రసం వెయ్యి రెట్లు నయం.

రెండో నెలకి ప్రోటీన్ 1.1 గ్రాములు. అప్పుడు ఆ పెద్దాయన లేయ్‌గోంగ్‌టెంగ్ మాత్రలు వేద్దామన్నాడు, ఉరుముల దేవుడి తీగ అని అర్థం. ప్రోటీన్ తగ్గిస్తుంది, అక్కడ నెఫ్రాలజీ వాళ్లూ రాస్తారు, కానీ లివర్‌కి, రక్తకణాలకి, మగవాళ్ల వీర్యకణాలకి దెబ్బ. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, వద్దన్నా, ఆయనా బలవంతం చేయలే. చీటీలో అరిస్టలోకియా జాతి మూలిక ఏదీ లేదని కూడా అడిగి తేల్చుకున్నా, ఎందుకంటే బ్రస్సెల్స్‌లో సన్నబడే మందుల్లో అది కలిసి ఆడవాళ్ల కిడ్నీలు పాడైన కథ 1993లోనే బయటికొచ్చింది, చైనా కూడా 2003లో ఆ జాతిదే అయిన గ్వాన్‌ముతోంగ్‌ని ఆపేసింది.

ఆరో నెలకి 0.6. కషాయమా, లోసార్టానా? రెండూ ఒకే వారం మొదలెట్టిన తెలివైనోణ్ణి, ఎలా చెప్తా? చదివిన చదువు ప్రకారం ఎక్కువ మార్కులు లోసార్టాన్‌కే. కషాయం ఆపేశా, మాత్ర నడుస్తోంది, మూడు నెలలకోసారి టెస్ట్. అమ్మ మాత్రం సెలవులకి వెళ్లినప్పుడల్లా మఖానా నేతిలో వేయించి పెడుతుంది, ఉప్పు లేకుండా.