కాలు తీస్తే పేలిన కారు: రెండున్నర నెలల నా అనుభవం

నిన్న సాయంత్రం ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. థర్డ్ గేరు, 3000 ఆర్‌పీఎం. ఊపిరి బిగబట్టి విన్నాను. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండున్నర నెలల తర్వాత ఆ దిగుడు మొదటిసారి ప్రశాంతంగా దిగాను. ఈ సంతోషం, దీనికి ముందు పడ్డ అవమానం రెండూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, పదకొండేళ్ళ బండి. మొదట్లో కాలు తీసినప్పుడు వెనకాల టప్ టప్ మని చిన్న చప్పుడు వచ్చేది. రెండు వారాల్లో అది ఢామ్మని పేలడం దాకా వెళ్ళింది. ఒకరోజు నా పక్కగా స్కూటర్ మీద వెళ్తున్న పెద్దాయన ఉలిక్కిపడి బండి పక్కకు లాగేశాడు. ఆయన పడిపోయి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేజ్ చేస్తే చప్పుడు లేదు, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లేదు. బండి గేరులో ఉండగా కాలు పూర్తిగా తీస్తేనే. చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది.

ఎయిర్ ఫిల్టర్ మార్చాను, వేరే బంకులో ట్యాంకు నింపించాను. ఏ తేడా లేదు.

షెడ్డులో స్కానర్ పెట్టారు. పి0171 కోడ్ వచ్చింది. మిక్చర్ లీన్‌గా ఉంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని అర్థం. పొగ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్, నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చి, కోడ్ చెరిపేసి పంపారు. మూడు రోజులకు లైటూ వచ్చింది, పేలుడూ వచ్చింది. రెండోసారి ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ మార్చారు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేశారు. నాలుగు రోజులకే మళ్ళీ అదే కథ.

మూడోసారి వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి.

ఆ రోజు తోడుగా మా తమ్ముడు వచ్చాడు. వాడికి డ్రైవింగే రాదు, లైసెన్సు లేదు. కౌంటర్ దగ్గర సమస్య చెప్పింది నేను, తారీఖులు రాసుకున్న కాగితం చూపించింది నేను. అక్కడున్న పెద్ద మెకానిక్ నా మాట విని జవాబు మాత్రం మా తమ్ముడికి చెప్పాడు. 'ఒకసారి నడిపి చూద్దాం రండి సార్' అని వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. నా కారులో నేను వెనక సీట్లో కూర్చున్నాను.

ఆయన నడిపిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందుంది. సిగ్నల్ దూరంగా కనపడగానే ముందు క్లచ్ తొక్కేస్తాడు, ఆ తర్వాత బ్రేకు. దిగుడొస్తే న్యూట్రల్ చేసేస్తాడు. అలా నడిపితే ఆ చప్పుడు రమ్మన్నా రాదు. క్లచ్ తొక్కితే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోయి ఇంజన్ వెంటనే ఐడిల్‌కి పడిపోతుంది. గేరులో ఉంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటాయి, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ మాత్రం మూసుకుని ఉంటుంది. మా బండి పేలేది సరిగ్గా ఆ పరిస్థితిలోనే. వెనక నుంచి రెండుసార్లు చెప్పాను: 'క్లచ్ తొక్కకండి, గేరులోనే ఉంచి కాలు తీయండి.' 'అలా ఎవరూ నడపరు మేడం' అన్నాడు.

తిరిగొచ్చాక అందరి ముందూ మా తమ్ముడితో, 'బండిలో ఏం లేదు సార్. మేడం కాలు ఒక్కసారిగా వదిలేస్తున్నట్టున్నారు. కొన్నాళ్ళు మీరు నడిపి చూడండి' అన్నాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నా మొహం మండిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడనివ్వలేదు. దిగుడులో గేరులో ఉంచి ఇంజన్ బ్రేకింగ్ వాడటం సరైన పద్ధతి. న్యూట్రల్ చేసి వదిలేయడమే ప్రమాదం. ఆ మాట గట్టిగా చెప్పేసి తాళాలు తీసుకుని వచ్చేశాను. మా తమ్ముడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, పాపం.

మీకూ ఇలాంటి చప్పుడు వస్తుంటే ఈ ఒక్క పని చేయండి. మెకానిక్ పక్కన మీరే స్టీరింగ్ పట్టుకుని, చప్పుడు వచ్చేలా నడిపి వినిపించండి. వాళ్ళను నడపనివ్వకండి.

వస్తూ వస్తూ తీసేసిన పాత ప్లగ్గులు అడిగి తెచ్చుకున్నాను. చివరికి నన్ను గట్టెక్కించినవి అవే. కాగితం విప్పి చూస్తే నాలుగు ప్లగ్గుల మొనల మీదా పొడి మసి. వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. అలాంటి మసి పెట్రోల్ ఎక్కువై సరిగ్గా కాలనప్పుడు పడుతుంది. స్కానరేమో పెట్రోల్ తక్కువ అంటోంది. ఒకే ఇంజన్ గురించి ఇద్దరు సాక్షులు పూర్తిగా ఎదురెదురు మాటలు చెబుతుంటే, మూడుసార్లు బండి చూసినవాళ్ళకు ఆగి అడగాలని ఎందుకు తోచలేదు? కోడ్ చూసి దాని పేరున్న పార్టు మార్చేయడం రిపేరు కాదు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టు ఉంటుంది.

ఒక చిన్న స్కానర్ కొని ఫోన్‌కి కలుపుకున్నాను. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె కనపడుతుంది. సెన్సర్ మాట విని ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, పెట్రోల్ ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో అది శాతంలో చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ 5 లోపు ఉంటే సాధారణం. నాకు ఐడిల్‌లో ప్లస్ 21, ఇంజన్ని 2500 ఆర్‌పీఎం మీద పట్టి ఉంచితే ప్లస్ 9. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి వేగం పెరిగేకొద్దీ తగ్గితే ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో, ఎక్కడో గాలి లీకవుతోందని అర్థమంటారు. అందుకే వారం రోజులు అక్కడే వెతికాను. బ్రేక్ బూస్టర్ పైపు, ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ పైపు ఒక్కొక్కటే నొక్కి పట్టి చూశాను. ఇన్‌టేక్ గాలి గొట్టం మీది రబ్బరు బూట్ తీసి మడతల్లో పగుళ్ళున్నాయేమో చూశాను. ఏమీ లేవు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి ఫోన్ వాడి చేతికిచ్చి నడిపాను. కాలు తీయగానే థ్రాటిల్ అంకె ప్రతిసారీ అదే చోటికి వస్తోంది, ఒక క్షణానికి ఇంజెక్టర్ పల్స్ సున్నాకి పడుతోంది. అంటే థ్రాటిల్ మూసుకున్నట్టు ఈసీయూకి తెలుస్తోంది, పెట్రోల్ ఆపేస్తోంది. అయినా వెనకాల ఢామ్.

అసలు విషయం ఒక రాత్రి తట్టింది. ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోల్ సంగతి తెలియదు. దానికి తెలిసేది ఆక్సిజన్ ఒక్కటే. ఆ ఆక్సిజన్ సిలిండర్ లోంచే వచ్చిందని ఎవరు చెప్పారు? ఇంజన్ వదిలే ఎగ్జాస్ట్ గ్యాసు కుళాయి నీళ్ళలా ఏకధారగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక్కో దెబ్బ వెనకాల ఒక్క క్షణం పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. సెన్సర్‌కి ముందు ఎక్కడైనా సందు ఉంటే ఆ క్షణంలో బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలిలో 21 శాతం ఆక్సిజన్. సెన్సర్ దాన్ని చూసి లీన్ అని అరుస్తుంది, ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. ఐడిల్‌లో గ్యాసు పలచగా పోతుంది కాబట్టి దూరిన గాలి వాటా అక్కడే ఎక్కువ. ప్లస్ 21కీ, ప్లగ్గుల మీద మసికీ ఒకే జవాబు దొరికింది.

పేలుడు సంగతీ అందులోనే ఉంది. కాలు తీయగానే ఇన్‌టేక్‌లో వాక్యూమ్ బాగా పెరిగి సిలిండర్‌కి దారితీసే పోర్టు గోడలకు అంటుకున్న పెట్రోల్ తడినంతా లాగేస్తుంది. థ్రాటిల్ మూసుకుంది కాబట్టి లోపలికి వచ్చే గాలి చాలదు, అది సరిగ్గా మండదు. పచ్చి ఆవిరి అలాగే ఎగ్జాస్ట్ పైపులోకి పోతుంది. అక్కడ ఎర్రగా కాగిన లోహం, సందులోంచి వచ్చిన కొత్త గాలి. ఇంకేం కావాలి? సైలెన్సర్ వైపు పేలేదాన్ని ఆఫ్టర్‌ఫైర్ అంటారు. ఇన్‌టేక్ వైపు తన్నేది అసలు బ్యాక్‌ఫైర్, దానికి టైమింగో, ఇన్‌టేక్ వాల్వో చూడాలి. ఎటువైపు పేలుతోందో ముందు తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. పాత కార్బురేటర్ బండ్లలో అయితే ఐడిల్ మిక్చర్, ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే ఎయిర్ పంపు ఉంటే, కాలు తీసినప్పుడు ఆ గాలిని పక్కకు మళ్ళించే డైవర్టర్ వాల్వ్ చూసుకోవాలి.

మర్నాడు ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా, వాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు పెట్టి దాని గొట్టాన్ని సైలెన్సర్ మూతికి గుడ్డ చుట్టి బిగించాను. సిలిండర్ల పొగ అంతా వచ్చి కలిసే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీది రేకు మూడు బోల్టులు విప్పి తీశాను. సబ్బు నీళ్ళు స్ప్రే సీసాలో పోసి అతుకుల వెంబడి కొట్టుకుంటూ వచ్చాను. మొదటి మూడు సిలిండర్ల దగ్గర నీళ్ళు మామూలుగా జారిపోయాయి. నాలుగో దాని దగ్గర, ఇంజన్ పైభాగమైన హెడ్డుకీ మేనిఫోల్డ్‌కీ మధ్య, చిన్న నురగ గుత్తి లేచింది. బుడగలు ఒకదాని మీద ఒకటి పొంగుతూనే ఉన్నాయి. టార్చి వేసి చూస్తే అక్కడ హెడ్డు మీద వేలెడు పొడవు నల్లని మసి చార. మేనిఫోల్డ్‌ని హెడ్డుకి బిగించే కింది స్టడ్ నట్టుతో సహా లేదు, మొదలుకంటా విరిగిపోయి ఉంది. ఎప్పుడు రాలిపోయిందో! మూడుసార్లు బండి చూసినవాళ్ళకు దొరకనిది నాకు దొరికింది. గర్వంగానే చెప్పుకుంటాను.

ఈ పరీక్షకు ఇంజన్ నడపాల్సిన అవసరమే లేదు. నడిపి వెతికేవాళ్ళు మూసిన గ్యారేజీలో మాత్రం నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక ఆగిపోతే అదీ ఇదే లీకు కావచ్చు. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. నాకూ మొదట్లో ఆ చప్పుడు ఉండేది, పట్టించుకోలేదు.

పాత షెడ్డుకి వెళ్ళలేదు. హెడ్డు పనులు మాత్రమే చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. నా ఫోన్లోని నురగ వీడియో చూసి, 'ఇంక వెతికే పని లేదమ్మా, విప్పేయడమే' అన్నాడు. విరిగిన స్టడ్ మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడి మీదే మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ బయటికి లాగాడు. మేనిఫోల్డ్ వంగిందేమోనని స్టీలు స్కేలు ఆనించి చూశాడు, సరిగ్గానే ఉంది. అతుకు మధ్య ఉండే గాస్కెట్ కొత్తది వేసి నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాడు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కదిపి విన్నాడు. లోపల ముక్కలు గలగలలాడలేదు, హమ్మయ్య అనుకున్నాను. పచ్చి పెట్రోల్ అందులో మండితే లోపలి సిరామిక్ కరిగిపోతుంది. అప్పుడు ఖర్చు ఈ గాస్కెట్‌తో ఆగదు. అందుకే ఈ చప్పుడుతో నెలల తరబడి తిరగకండి.

ఈసీయూ నేర్చుకున్న పాత ట్రిమ్ చెరిపేసి మూడు రోజులు మామూలుగా నడిపాను. నిన్న రాత్రి చూస్తే ఐడిల్‌లో ప్లస్ 2, 2500 దగ్గర ప్లస్ 1. చెక్ ఇంజన్ లైటు లేదు. వచ్చే వారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తీసుకొస్తే నట్లు ఒకసారి మళ్ళీ చూస్తానన్నాడు, కొత్త గాస్కెట్ వేడికి సర్దుకుంటుందట. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాను. తమ్ముడూ వస్తానన్నాడు, ఈసారి పక్క సీట్లో కూర్చుని ఫోన్ పట్టుకోవడానికి.