ఏరియేటర్ల హోరులో పని, హెడ్‌ఫోన్స్ కోసం వెతుకులాట: నా అనుభవం

మా ఇల్లు ఆకివీడుకు కాస్త ఎడంగా, కొల్లేరు వైపు పోయే దారిలో, రొయ్యల చెరువు గట్టును ఆనుకుని ఉంటుంది. మా ఆయన ఆ చెరువులు చూసుకుంటారు. నేను ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కార్యాలయం ఒకటి పంపే ఇంటర్వ్యూల రికార్డింగులు విని, మాట పొల్లుపోకుండా టైపు చేస్తాను. పగలంతా ఇంటి పని ఉంటుంది కనుక నా అసలు పని రాత్రి పదింటికి మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికే ఏరియేటర్లన్నీ, అంటే చెరువు నీటిని రెక్కలతో చిలికి గాలి కలిపే మోటారు యంత్రాలన్నీ, తిరగడం మొదలుపెడతాయి. పొద్దు గూకాక నీటిలోని నాచు ప్రాణవాయువును ఇవ్వడం మానేసి తానే వాడుకుంటుంది కాబట్టి, తెల్లవారుజాము దాకా నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతూనే పోతుంది. ఆ వేళ మోటార్లు ఆపితే పంట పోతుంది. మా ఇంటికి అన్నం పెట్టే ఆ చప్పుడును ఆపమనే హక్కు నాకు లేదు, ఆపమని అడగాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. నాకు కావలసిందల్లా ఆ హోరులో కూడా ఒక ముసలి రైతు గొణుగుతూ చెప్పిన మాట స్పష్టంగా వినపడటం.

మొదట్లో మామూలు ఇయర్‌ఫోన్స్‌తో నెట్టుకొచ్చాను. హోరును మించి వినపడాలని సౌండు పెంచుకుంటూ పోవడంతో నెల తిరిగేసరికి రాత్రి పడుకున్నాక కూడా చెవుల్లో గుయ్యిమనే శబ్దం ఆగేది కాదు. అప్పుడే బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనాలని నిశ్చయించుకున్నాను. ధర ముప్పై వేల చుట్టుపక్కల ఉంటుందని తెలిసి నాలుగు నెలలు డబ్బు కూడబెట్టాను. మధ్యలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు సగం ధరకే ఇస్తున్నాడని ఆశపడి తెప్పించాను. పెట్టె అచ్చు అసలుదానిలాగే ఉంది కాని, కంపెనీ యాప్ దాన్ని గుర్తించనే లేదు. వెనక్కి పంపి డబ్బు రాబట్టుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తరువాత చేత్తో పట్టుకుని, చెవికి పెట్టుకుని చూడకుండా కొనకూడదని తీర్మానించుకున్నాను.

కొనేముందు ఇవి ఎలా పనిచేస్తాయో చదవడం నాకు చాలా మేలు చేసింది. హెడ్‌ఫోన్‌లోని మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, లోపలి సర్క్యూట్ ఆ తరంగానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని పుట్టించి చెవిలోకి వదులుతుంది, రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఈ ఆలోచనకు పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1936లోనే అమెరికా పేటెంటు పొందారు. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్, 1978లో విమానంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు ఇంజను హోరుకు విసిగి, ఆ ప్రయాణంలోనే ఈ పనికి లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఆయన సంస్థ బోస్ నుంచి పైలట్ల హెడ్‌సెట్ 1989లో వచ్చింది. విమానం హోరు కోసం పుట్టిన వస్తువు రొయ్యల చెరువు గట్టు మీద పనికొస్తుందా అన్న నా సందేహానికి కూడా ఆ చదువులోనే జవాబు దొరికింది. వంద హెర్ట్జ్, అంటే సెకనుకు వందసార్లు కంపించే శబ్దతరంగం గాలిలో దాదాపు మూడున్నర మీటర్ల పొడవుంటుంది. అంత నిదానమైన, ఒకే తీరుగా సాగే హోరుకు ఎదురు తరంగం సమకూర్చడం తేలిక. మూడు వేల హెర్ట్జ్ శబ్దం పొడవు పదకొండు సెంటీమీటర్లే కాబట్టి లవలేశం ఆలస్యమైనా లెక్క తప్పిపోతుంది. అంటే మోటారు హోరు పోతుంది, కుక్కర్ విజిల్ పోదు. ఈ ఒక్క సంగతి ముందే తెలియకపోతే ఏ హెడ్‌ఫోన్ కొన్నా నేను మోసపోయాననే అనుకునేదాన్ని.

మా దగ్గరి పట్నాల్లో పెట్టె విప్పి చూపించే దుకాణం దొరకలేదు. అందుకని ఒక ఆదివారం గుడివాడ మీదుగా వెళ్ళే రైలెక్కి విజయవాడ వెళ్ళాను. ముందు రాత్రి గట్టు మీద నిలబడి ఏరియేటర్ల చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. చల్లటి ఏసీ గదిలో ఏ హెడ్‌ఫోన్ పెట్టుకున్నా నిశ్శబ్దంగానే ఉంటుంది, దానివల్ల నాకు తెలిసేదేమీ ఉండదు. ఫోన్ స్పీకరు లోతైన శబ్దాన్ని పలికించలేదు కనుక, అక్కడున్న పెద్ద బ్లూటూత్ స్పీకరులో ఆ రికార్డింగు పెట్టమని దుకాణంలోని కుర్రవాణ్ణి అడిగాను.

"ఇదేం సౌండండీ మేడమ్?" అన్నాడు.

"మా చెరువు ఏరియేటర్లు బాబూ. రాత్రంతా ఇదే."

"ఆయ్, మాది కూడా గణపవరమేనండీ. మా నాన్నగారికి కూడా చెరువులున్నాయండీ" అని, ఆ తరువాత గంటన్నర సేపు విసుక్కోకుండా ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. ఆ అబ్బాయి ఓపికకు నేను ఈ రోజుకీ కృతజ్ఞురాలిని.

యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌ను ధర చూసి మొదటే పక్కన పెట్టాను. పైగా దాని బరువు 385 గ్రాములు, నేను రోజుకు ఐదారు గంటలు తల మీద మోయాలి. మిగిలినవి మూడు: సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5, బోస్ క్వయట్‌కంఫర్ట్ అల్ట్రా, సెన్‌హైజర్ మొమెంటమ్ 4. సెన్‌హైజర్‌కు ఒకసారి ఛార్జి చేస్తే 60 గంటలు నడిచే బ్యాటరీ ఉంది, యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటరుకు కలిపే వీలు కూడా ఉంది. తుపాను రోజుల్లో మా ఊళ్ళో కరెంటు ఎన్ని గంటలు పోతుందో తెలిసినవారికి ఆ 60 గంటల విలువ తెలుస్తుంది. అయినా నా చెవులకు మోటారు హోరు మిగతా రెండింటిలో తగ్గినంతగా అందులో తగ్గలేదు. సోనీకి, బోస్‌కు మధ్య తేల్చుకోవడానికే అసలు సమయమంతా పట్టింది.

అక్కడ నిర్ణయం చేసింది నా కళ్ళద్దాలు. హెడ్‌ఫోన్ మెత్త చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కుంటేనే లోతైన హోరు ఆగుతుంది. కళ్ళద్దాల కాడ మెత్త కింద దూరి చిన్న సందు చేస్తే ఆ సందులోంచే హోరు లోపలికి వస్తుంది. కళ్ళద్దాలు తీసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు రెండింటికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూస్తే నా తల తీరుకు, నా ఫ్రేము మందానికి బోస్ మెత్త చక్కగా సర్దుకుంది. వేరే తలకు సోనీయే కుదరవచ్చు. నేను బోస్‌నే తీసుకున్నాను. దాని బ్యాటరీ 24 గంటలే, సోనీది 30. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కాబట్టి ఆ ఆరు గంటల కోసం వెనకాడలేదు. బోస్‌కు తీగ పెట్టుకోవాలంటే హెడ్‌ఫోన్ వైపు 2.5 మిల్లీమీటర్ల పిన్ను కావాలి కాబట్టి, పెట్టెలో వచ్చిన తీగను పోగొట్టుకోకుండా మొదటి రోజునుంచే బీరువాలో దాచాను. బ్లూటూత్‌లో మాటకు, స్క్రీనుకు మధ్య కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది. ఒకే వాక్యాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి వినవలసినప్పుడు ఆ తీగే నాకు ఆధారం.

ఇంటికి తెచ్చిన రాత్రి, ఏరియేటర్లన్నీ తిరుగుతుండగా, కిటికీ తెరిచే పెట్టుకుని చూశాను. మోటార్ల హోరు ఎవరో మీట నొక్కినట్లు పోయింది. రెక్కలు నీటిని కొట్టే చప్పుడు మాత్రం దూరాన వాన పడుతున్నట్లు సన్నగా మిగిలింది. ఇన్నేళ్ళూ ఒకటే అనుకున్న ఆ శబ్దంలో రెండు శబ్దాలున్నాయని అప్పుడే తెలిసింది. వాన వెలిసిన రాత్రుల్లో కప్పల అరుపులు కూడా ఇలాగే కొంత వినపడతాయి. రికార్డింగులో మునుపు నాలుగుసార్లు విన్నా అంతుచిక్కక ఖాళీ వదిలిన చోట ఆ రాత్రి "కౌలు" అన్న మాట మొదటిసారే వినపడింది. సౌండు సగం కూడా పెట్టలేదు.

ఇబ్బందులు లేవని చెప్పను. ఏప్రిల్, మే నెలల ఉక్కలో గంట తిరిగేసరికి మెత్తలు చెమటతో తడుస్తాయి. అత్తయ్యగారు నా అవస్థ చూసి పాత చీర నూలుగుడ్డతో రెండు తొడుగులు కుట్టి ఇచ్చారు. ఎంతో ప్రేమతో కుట్టారు కాని గుడ్డలోంచి గాలి ఆడి హోరు తిరిగి వచ్చేసింది. ఇప్పుడు ఆ తొడుగులనే గంటకోసారి మెత్తలు తుడవడానికి వాడుతున్నాను.

"అదెట్టుకుంటే మీ మావయ్యగారు పిలిస్తే ఇనపడుద్దేంటమ్మా?" అని ఆవిడ మొదటి రోజే అడిగారు. అది సరైన ప్రశ్న. గట్టి పిలుపు వినపడుతుంది, పక్కగదిలో మంచం పట్టిన మనిషి మెల్లని పిలుపు మాత్రం వినపడదు. అందుకని యాప్‌లో శబ్దాన్ని సగం మాత్రమే తగ్గించే మోడ్ ఒకటి విడిగా చేసి పెట్టుకున్నాను. మా ఆయన ఇంట్లో ఉన్నంతసేపు పూర్తిగా ఆన్ చేసుకుంటాను, ఆయన టార్చి తీసుకుని గట్టు మీదికి వెళ్ళగానే ఆ సగం మోడ్‌లోకి మారుస్తాను.