కోల్చెస్టర్‌లో గుంటలో దాచిన నగలు

లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కోల్చెస్టర్‌కు గంట ప్రయాణమే అయినా, ముగ్గురికి రానుపోను టికెట్లు కొన్నాక, ఆ డబ్బుతో మా వరంగల్ నుంచి ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లి రావచ్చునని ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఏళ్లుగా బడిలో చరిత్ర చెబుతున్నదాన్ని కనుక, అన్నయ్య పిల్లలకు, రోమన్ల మీద తిరగబడిన బ్రిటన్ రాణి బౌడికా కథను ఆమె తగలబెట్టిన ఊళ్లోనే చెప్పాలనిపించింది.

కథ రైల్లోనే మొదలుపెట్టాను. ఐసెనీ తెగ రాజు ప్రసూటగస్ తన ఇద్దరు కూతుళ్లతో పాటు నీరో చక్రవర్తినీ వారసుడిగా వీలునామా రాశాడు. అయినా రోమన్లు రాజ్యాన్నంతా దోచుకుని, రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు. కూతుళ్లపై జరిగిన అత్యాచారం దగ్గర నోరు పెగలక, "వాళ్లనూ హింసించారు" అని దాటవేశాను.

"ఝాన్సీ రాణి కథలాగే ఉందత్తా!" అంది పదేళ్ల మేనకోడలు. దత్తపుత్రుణ్ణి కాదని కంపెనీవారు ఝాన్సీని కలుపుకున్న సంగతి దానికి గుర్తున్నందుకు పొంగిపోయాను.

కోల్చెస్టర్‌లో నార్మన్ల కోట రోమన్ చక్రవర్తి క్లాడియస్ ఆలయపు పునాది మీదే నిలబడి ఉంది. క్రీ.శ. 60–61లో రోమన్ గవర్నర్ పౌలినస్ సైన్యంతో వేల్స్ పక్కనున్న మోనా ద్వీపంలో ఉండగా తిరుగుబాటుదారులు ప్రాకారం లేని ఈ రోమన్ల ఊరి మీద పడ్డారని, ఆలయంలో తలదాచుకున్న సైనికులు రెండు రోజులకు మించి నిలవలేకపోయారని చెబితే మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

తర్వాత కోటలోని మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె దగ్గర మేనకోడలు ఆగిపోయింది. 2014లో హై స్ట్రీట్‌లో ఒక దుకాణం కింద తవ్వినప్పుడు దొరికిన నగలవి: బంగారు చెవిపోగులు, కంకణాలు, ఉంగరాలు. ఎవరో ఇంటి నేలలో చిన్న గుంట తీసి దాచుకున్నారు, ఆ పైన ఇల్లు కాలి కూలింది.

"ఆమె మళ్లీ రాలేదా అత్తా?"

"వచ్చి ఉంటే ఇవి ఇక్కడ ఉండేవి కావమ్మా."

"బౌడికా వాళ్లే చంపేశారా?"

కావచ్చునన్నాను. 1857 జూన్‌లో ఝాన్సీలో లొంగిపోయిన ఆంగ్లేయులను స్త్రీలు, పిల్లలతో సహా చంపారు. అందులో రాణి ప్రమేయం ఎంతన్నది నేటికీ వివాదమే కానీ, ఆ హత్యలు జరిగాయన్న మాటనైనా నేను ఏ తరగతిలోనూ చెప్పలేదని ఆ గాజు ముందు నిలబడినప్పుడే స్ఫురించింది.

తిరుగు రైల్లో తన తమ్ముడు నిద్రపోయాక మేనకోడలు నా పక్కకు జరిగింది. "ఆ కూతుళ్ల పేర్లేమిటి?"

"ఈ కథ రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వాళ్ల పేర్లు చెప్పలేదు."

"వాళ్లను ఏం చేశారో పొద్దున నువ్వు సరిగ్గా చెప్పలేదు."

దాని చేయి పట్టుకుని, పదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటలు వెతుక్కుంటూ, చెల్మ్స్‌ఫర్డ్ దాటేదాకా చెప్పాను.